మీ ఫోటోలు ఇకపై మీ చేతికే ఇస్తాము

మల్లేశ్వరంలోని మా స్టూడియోకు పాస్‌పోర్టు ఫోటోల నుంచి పెళ్లి ఆల్బముల దాకా అన్నిటికీ వచ్చే తెలుగు కుటుంబాలకు, ఫిల్మ్ రోళ్లు కడిగించుకునే యువతీయువకులకు నమస్కారం. వచ్చే నెల మొదటి తేదీ నుంచి ఒక నియమం అమలు చేస్తున్నాము. పద్దెనిమిదేళ్లు నిండిన వ్యక్తి విడిగా తీయించుకున్న ఫోటోలను గాని, నెగటివ్‌లను గాని ఆ వ్యక్తికి తప్ప మరెవరికీ ఇవ్వము. బిల్లు కట్టినవారు తండ్రిగారైనా, భర్తగారైనా సరే. రాతపూర్వకమైన అనుమతి లేనిదే వాటిని షోకేసులోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పెట్టము.

ఇది కొందరికి నచ్చలేదు. సంబంధాల కోసమని అమ్మాయిని తీసుకొచ్చి ఫోటోలు తీయించి, ఆమెకు చూపకుండానే మధ్యవర్తి వాట్సాప్‌కు పంపమని అడిగే పెద్దలు మాకు తక్కువేమీ కాదు. వారిలో కొందరు ఇప్పటికే వేరే స్టూడియోకు మారారు. ముహూర్తాల కాలంలో ఇది మా రాబడికి దెబ్బే, దాచడం ఎందుకు?

ఈ నిర్ణయం వెనుక లిబుషె యార్త్సొవ్యాకొవా అనే చెక్ ఫోటోగ్రాఫర్ జీవితం ఉంది. 1968 ఆగస్టులో సోవియట్ నాయకత్వంలోని సైన్యాలు చెకోస్లొవేకియాలో దిగినప్పుడు ఆమెకు పదహారేళ్లు. కుటుంబ నేపథ్యం కమ్యూనిస్టు పాలకులకు గిట్టనందువల్ల పైచదువుకు వెంటనే సీటు దక్కలేదు. ఆమె ప్రింటింగ్ ప్రెస్సులో కార్మికురాలిగా చేరి, రాత్రి షిఫ్టులో తాగుతూ, కునుకు తీస్తూ ఉన్న తోటివారిని ఫోటోలు తీశారు. కార్మికుడిని పోస్టర్లలో వీరుడిగా నిలబెట్టే ప్రభుత్వానికి అవి రుచించే చిత్రాలు కావు. 1980లలో ప్రాగ్‌లోని టీ-క్లబ్‌లో, స్వలింగ ప్రేమికులు కాస్త ఊపిరి పీల్చుకునే ఆ చోట, ఆమె ప్రేక్షకురాలిగా కాక వారిలో ఒకరిగా తిరుగుతూ ఫ్లాష్ వెలిగించారు. తనను తాను కూడా అద్దంలో, మంచంపై, అలసిపోయినప్పుడు ఏ ముస్తాబూ లేకుండా తీసుకున్నారు. వాటిలో చాలా చిత్రాలు చెదిరిపోయి, వెలుగు ఎక్కువై ఉంటాయి. పోటీ పరీక్ష దరఖాస్తుకు ఒక్కటీ పనికిరాదు.

1985లో ఆమె పేరుకు మాత్రమే చేసుకున్న ఒక పెళ్లి ఆసరాతో పశ్చిమ బెర్లిన్‌కు వెళ్లారు. 2019లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఫోటో ఉత్సవంలో ప్రదర్శన జరిగాక గాని లోకం ఆమెను సరిగా గుర్తించలేదు. ఆమెను మెచ్చుకునేవారు ధైర్యం గురించే మాట్లాడతారు. ఫోటోలు కడిగే వృత్తిలో ఉన్న నాకు మాత్రం ఆ ముఖాలు అంతకాలం ఎవరి చేతిలో ఉన్నాయన్నదే ముఖ్యంగా తోచింది. స్వలింగ సంబంధం చెకోస్లొవేకియాలో 1960ల మొదట్లోనే నేరాల జాబితా నుంచి తొలగినా, బయటపడితే ఉద్యోగమూ పరువూ పోయే రోజులవి. కెమెరా ముందు నవ్విన ప్రతి మనిషీ ఆ నెగటివ్ తప్పుడు చేతుల్లో పడదన్న నమ్మకంతోనే నవ్వి ఉంటారు.

మన ఇళ్లు ఆ ప్రభుత్వం వంటివని నేను అనను. అక్కడ రహస్య పోలీసులు ఉండేవారు, ఇక్కడ ఉన్నది ఆదుర్దా పడే మేనమామ. అయినా తన ఫోటో ఎవరి ఫోనులో ఉందో తెలియని అమ్మాయి మా కౌంటరు ముందు నిలబడి అడిగితే, ఆమెకు నేను చెప్పగలిగే సమాధానం ఒకటి ఉండాలి కదా.

మరొక ఏర్పాటు. బుధవారం మధ్యాహ్నాలు లోపలి గది స్త్రీలకు కేటాయిస్తున్నాము. లైట్లు అమర్చి, కెమెరాకు రిమోట్ తగిలించి మా సిబ్బంది బయటకు వచ్చేస్తారు. మీ ఫోటో మీరే తీసుకోవచ్చు. గది అద్దె గంట లెక్కన ఉంటుంది, కార్డులోని ఫైళ్లు మీ ఎదుటే చెరిపేస్తాము. ఇక నలుపు తెలుపు రోళ్లు కడిగే ధర కొద్దిగా పెరుగుతుంది, ఎందుకంటే రసాయనాలకూ కాగితానికీ మేము పెట్టే ఖర్చు పెరిగింది.

పాత నెగటివ్‌లు మా బీరువాల్లో చాలా మిగిలిపోయాయి. గుర్తింపు కార్డు చూపించి దీపావళిలోగా తీసుకువెళ్లండి. రాలేనివారు ఫోను చేస్తే గడువు పొడిగిస్తాము. ఎవరూ అడగనివాటిని పాత సామాన్లవారికి వేయకుండా ముక్కలుగా కత్తిరించి పారవేస్తాము.