ఉద్వేగాలు డెకార్ట్‌కు శత్రువులు కావు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం సంచికలో కోపనిగ్రహం గురించి వచ్చిన వ్యాసంలో, ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ ఉద్వేగాలను బుద్ధికి శత్రువులుగా భావించాడని రాశారు. ఇది సరికాదు. 1649లో ఉద్వేగాలపై వెలువరించిన గ్రంథంలో ఆయన ఆశ్చర్యం, ప్రేమ, ద్వేషం, కోరిక, సంతోషం, దుఃఖం అనే ఆరింటిని మూలోద్వేగాలుగా లెక్కించి, అవన్నీ స్వభావరీత్యా మంచివేననీ, వాటి దుర్వినియోగాన్నీ అతినీ మాత్రమే తప్పించుకోవాలనీ స్పష్టంగా చెప్పాడు. (మన అరిషడ్వర్గంలోనూ లెక్క ఆరే గాని, అక్కడ ఆరూ శత్రువులే!)

ఆ గ్రంథం వెనుక ఉన్న బొహీమియా రాకుమారి ఎలిజబెత్‌ను వ్యాసకర్త తలవకపోవడం మరింత పెద్ద లోపం. 1643 నుంచి డెకార్ట్‌తో లేఖలు నడిపిన ఆమె, 1645లో జ్వరంతో, పొడిదగ్గుతో బాధపడుతూ, రోగం ఆలోచనాశక్తినే హరించినప్పుడు బుద్ధిబలంతో సుఖంగా ఉండడం ఎలా సాధ్యమని నిలదీసి, ఉద్వేగాలను నిర్వచించమని కోరింది. భయాన్ని కేవల సంకల్పంతో తరిమివేయలేమనీ, ధైర్యానికి తగిన కారణాలనూ ఉదాహరణలనూ మనసుకు తెచ్చుకుంటూ పరోక్షంగానే దాన్ని మళ్లించాలనీ ఆయన గ్రంథంలో రాశాడు.

డచ్చి తత్త్వవేత్త స్పినోజా మరణానంతరం 1677లో అచ్చయిన ఆయన 'నీతిశాస్త్రం' ఇంకో అడుగు ముందుకు వేసి, ఒక ఉద్వేగాన్ని అణచగలిగేది దానికి విరుద్ధమైన, దానికంటే బలమైన మరో ఉద్వేగమేనని వాదించింది. 'బుద్ధితో కోపాన్ని చంపడం' ఈ ఇద్దరిలో ఎవరి బోధా కాదు కనుక, సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత తత్త్వశాస్త్ర అధ్యాపకుడు,
వరంగల్