సరిహద్దుల సమీక్షపై సభ్యులకు మనవి

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలోని తెలుగు తల్లిదండ్రులకు నమస్కారం.

2024లో సవరించిన విధానం ప్రకారం పాఠశాలల సరిహద్దులను, అంటే ఏ ప్రాంతం పిల్లలు ఏ బడికి వెళ్లాలో చెప్పే గీతలను, ఇకపై ఐదేళ్లకోసారి సమీక్షించాలి కనుక, పిల్లల హైస్కూలు మారుతుందేమోనన్న ఆందోళన సహజమే. అయితే మన చర్చంతా ఇళ్ల ధరల చుట్టూ తిరగడం నాకు బాధగా ఉంది.

ప్రవేశానికి గట్టి పోటీ ఉండే మన కౌంటీలోని సైన్స్, టెక్నాలజీ బడి థామస్ జెఫర్సన్ హైస్కూలు విషయం గుర్తుచేసుకోండి. 2020లో కౌంటీ స్కూలు బోర్డు ప్రవేశ పరీక్షను తీసేసి, ప్రతి మిడిల్ స్కూలుకు దాని ఎనిమిదో తరగతి విద్యార్థుల సంఖ్యలో 1.5 శాతం మేరకు సీట్లు కేటాయించినప్పుడు మనలో చాలామంది అన్యాయమన్నారు. 2023లో అప్పీళ్ల కోర్టు ఆ విధానాన్ని సమర్థించింది, 2024లో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు స్వీకరించలేదు. అంతకుముందు, ఆ పరీక్ష కోసం మా అబ్బాయిని రెండేళ్లపాటు శని, ఆదివారాలు కోచింగ్‌కు తిప్పినవాణ్ణి నేను. వాడి పక్కన కూర్చునే పిల్లవాడు లెక్కల్లో మావాడికన్నా చురుకు. రాత్రి షిఫ్టులో పనిచేసే వాళ్లమ్మకు ఆ పరీక్షకు పేరు నమోదు చేయించాలన్న సంగతే గడువు దాటాక తెలిసింది.

మన కౌంటీలో కొన్ని హైస్కూళ్లలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్), మరికొన్నింటిలో ఐబీ (ఇంటర్నేషనల్ బ్యాకలారియేట్) అనే వేర్వేరు ఉన్నతస్థాయి కోర్సులు ఉన్నందున, సరిహద్దు గీత కాస్త జరిగినా పిల్లల చదువు దారే మారిపోవచ్చు. అందుకే బోర్డు సమావేశంలో మాట్లాడదలచినవారు బస్సు ప్రయాణ సమయం, కిక్కిరిసిన తరగతులు, కోర్సుల వివరాలతో రావాలని, ఆ తల్లిలా సమాచారం ఆలస్యంగా అందే పొరుగు కుటుంబాలనూ వెంట తీసుకురావాలని కోరుతున్నాను.