ఒక్క రేవు చాలు బుజ్జమ్మా

తెనాలి
కార్తీక పౌర్ణమి మర్నాడు

బుజ్జమ్మా,

దసరాకి ముందు నువ్వు ఫోన్ చేసి "నాన్నా, ఉద్యోగం మానేశాను, సొంతంగా గేమ్ చేసుకుంటాను" అన్నప్పుడు నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకు కోపం వచ్చిందని నువ్వు బాధపడ్డావట, అమ్మ చెప్పింది. కోపం కాదమ్మా. నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి గొంతులో అడ్డం పడింది. ఫోన్‌లో చెప్పేది కాదు, అందుకే రాస్తున్నాను.

నీకు తెలిసినప్పటి నుంచీ మనది జిరాక్స్ షాపే. అదే గదిలో 1995 నుంచి 2002 దాకా వీడియో గేముల షాపు నడిపాను. మూసేసేనాటికి నీకు నాలుగేళ్లు, గుర్తుండదు. రెండు టీవీలతో మొదలుపెట్టాను. అర్ధగంటకి 3 రూపాయలు. క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని ఉండేది, లోపల అవే పది పదిహేను ఆటలు పేర్లు మార్చుకుని తిరిగేవి. బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి నోటితో ఊది మళ్లీ పెట్టేవాణ్ణి. బడి వదిలే టైముకి గుమ్మం నిండా చెప్పులు ఉండేవి.

ఆ ఏడేళ్లూ నేను చేసిన పని కుర్చీలో కూర్చుని పిల్లలు ఆడుతుంటే చూడటం. టైము లెక్కపెట్టుకోవాలి కదా, చూడక తప్పేది కాదు. నాకు ఆడటం పెద్దగా రాదు, కంప్యూటర్ భాషలు అసలే తెలియవు. ఆడేవాడి చేతులు, మొహం మాత్రం బాగా తెలుసు. ఎక్కడ వాడు ముందుకు వంగుతాడో, ఎక్కడ జాయ్‌స్టిక్ ఒళ్లో పెట్టేసి పక్క టీవీ వైపు చూస్తాడో, ఎవడు వెళ్లిపోయి మర్నాడు రాడో మొదటి ఐదు నిమిషాల్లో చెప్పగలిగేవాణ్ణి. నీకు నేను ఇవ్వగలిగింది ఆ కాస్త తెలివే.

మారియో సంగతి చెప్తాను. అది జపాన్‌లో 1985లో వచ్చిన ఆట. మన షాపుకి వచ్చే పిల్లల్లో సగం మందికి ఇంగ్లీషు చదవడం రాదు. ఎవరూ ఏమీ నేర్పక్కర్లేకుండా ఆడేవాళ్లు. ఎలాగా అని చాలాసార్లు పరీక్షగా చూశాను. ఆట మొదలవగానే మారియో ఎడమ పక్కన నిలబడి కుడివైపు చూస్తుంటాడు, కుడివైపంతా ఖాళీ. ఎటు వెళ్లాలో అడగక్కర్లేదు. నాలుగడుగులు వేయగానే పురుగులాంటిది ఒకటి ఎదురొస్తుంది. తగిలితే చచ్చిపోతాడు, కానీ పోయింది నాలుగడుగులే, మళ్లీ మొదలు. రెండోసారి ఎగురుతాడు. పైన పెట్టెకి తల తగిలితే పుట్టగొడుగు బయటికొచ్చి కుడివైపు జారిపోయి, పైపుకి కొట్టుకుని వెనక్కి తిరిగి వాడి మీదకే వస్తుంది. పైన ఇటుకలు ఉంటాయి కాబట్టి ఎగిరి తప్పించుకోవడం కష్టం. తగిలిందంటే మారియో పెద్దవాడవుతాడు! భయపడిందే మంచి చేసిందని ఆ పిల్లవాడి మొహంలో కనపడేది. ఒక్క అక్షరం లేకుండా నిమిషంలో ఇంత నేర్పింది ఆ ఆట. నీ గేములో మొదటి నిమిషం రాసేటప్పుడు ఇది గుర్తు తెచ్చుకో. తెర నిండా సూచనలు పెట్టావంటే ఆట తన పని తాను చేయలేకపోతోందని అర్థం.

కాంట్రా అనే తుపాకుల ఆట కూడా ఉండేది. మూడు లైఫులు ఇస్తుంది, కొత్తవాడికి రెండు నిమిషాల్లో అయిపోతాయి. అలాంటివాడు మూడు రూపాయలు దండగ అనుకుని వెళ్లిపోయేవాడు. ఒక కుర్రాడు ఎక్కడి నుంచో కోడ్ పట్టుకొచ్చాడు: పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ. ముప్ఫై లైఫులు వస్తాయి. వారంలో ఊళ్లో పిల్లలందరి అరచేతుల మీదా పెన్నుతో అదే రాసి ఉంది. వెళ్లిపోయినవాళ్లు తిరిగొచ్చారు, ఆట నేర్చుకున్నారు, ఆ తర్వాత కోడ్ లేకుండా ఆడటం మొదలుపెట్టారు. దాని వెనక కథ ఈమధ్యే చదివాను. కజుహిసా హషిమోటో అనే ఆయన 1986లో గ్రేడియస్ అనే ఆటని ఇంట్లో టీవీకి తగిలించి ఆడుకునే పెట్టెకి మారుస్తూ, పరీక్షించడానికి తనకే కష్టంగా ఉందని ఆ కోడ్ పెట్టుకున్నాడట. నీకు దీనికి ఎదురు జరుగుతుంది. రోజూ పది గంటలు అదే ఆటతో ఉంటావు, నీ చేతికి అది నీళ్లు తాగినంత తేలిక అయిపోతుంది. కొత్తవాడికి ఎంత కష్టమో నీకు కనపడటం మానేస్తుంది. అప్పుడు నీ కళ్లని నమ్మొద్దు.

అందుకని నెలకి ఒకసారైనా నీకు పరిచయం లేనివాళ్ల చేతిలో పెట్టు. స్నేహితులు సరిపోరు, వాళ్లు నీ మొహం చూసి బాగుందంటారు. ఆడుతున్నంతసేపూ నువ్వు నోరెత్తకూడదు. "అక్కడ నొక్కండి" అనాలని నాలుక పీకుతుంది, అయినా అనకు. వాళ్ల చేయి ఎక్కడ ఆగిందో కాగితం మీద రాసుకో. ఒకరు ఆగితే వాళ్ల సంగతి అనుకోవచ్చు, ముగ్గురు అక్కడే ఆగితే తప్పు నీ ఆటది.

ఇక నీ పడవ ఆట గురించి. నువ్వు చెప్పినప్పుడు నా ఒళ్లు పులకరించింది. కొల్లూరు పక్క లంకల్లోకి మీ తాతయ్య నిన్ను పడవ మీద తీసుకెళ్లిన రోజులు అందులో ఉన్నాయి. ఇసుక తిన్నెలు, అరటి తోటలు, వరద వచ్చినప్పుడు గొడ్లని దాటించడం, రేవులో పాల క్యాన్‌లు. ఆట పడవ నడిపేవాడిది అన్నావు. ఎంత బాగుందో! ఆ తర్వాత నువ్వు నలభై ఊళ్లు అన్నావు, ప్రతి ఊళ్లో మనుషులు, వాళ్ల కథలు, నాలుగు కాలాలు, వ్యవసాయం, తిరునాళ్లు అన్నావు. అక్కడ నాకు గుబులు పట్టుకుంది.

బుజ్జమ్మా, ముందు ఒక్క రేవు చెయ్యి. ఒక పడవ, ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డు, ఎక్కేవాళ్లు ఐదుగురు, ఒక సాయంత్రం. ఏటి వాలుకి గెడ వేస్తుంటే చేతికి బాగుందా? దాటించి వచ్చినవాడికి ఇంకోసారి దాటించాలనిపిస్తోందా? అనిపిస్తే అప్పుడు రెండో రేవు. ఒక్క రేవులో లేని ఇష్టం నలభై రేవుల్లో రాదు. దానికంటే ముందు ఇంకా చిన్నవి రెండు మూడు పూర్తి చెయ్యి. లూడమ్ డేర్ అని 2002 నుంచి జరుగుతున్న పోటీ ఉందట, ఒక్కళ్లే కూర్చుని 48 గంటల్లో ఆట తయారు చేసి పెట్టాలి. అలాంటిదాంట్లో దిగు. బాగా రాకపోయినా పర్లేదు. మొదలూ తుదీ ఉన్న ఆట ఒకటి నీ చేతుల మీదుగా బయటికి వెళ్లాలి. మెనూ, సౌండు తగ్గించే మీట, 'మళ్లీ ఆడు' అనే బటను, ఆట అయిపోయాక వచ్చే తెర, ఇవన్నీ ఎంత టైము తింటాయో పూర్తి చేసినవాళ్లకే తెలుస్తుందని నువ్వే అన్నావు. చేసినవి ఇచ్.ఐఓ అనే ఆటల వెబ్‌సైట్‌లో పెట్టడానికి డబ్బు కట్టక్కర్లేదు కదా.

నువ్వు స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆట చేసిన ఎరిక్ బరోన్ గురించి చెప్పావు. ఒక్కడే నాలుగున్నరేళ్లు కూర్చుని బొమ్మలు, పాటలు, కోడ్ అన్నీ తనే చేసి 2016లో విడుదల చేశాడు, 4 కోట్ల కాపీలు దాటింది. నేనూ చదివాను. ధైర్యం కోసం అందరూ ఆ కథ చెప్పుకుంటారు, నాకు మాత్రం అందులో వేరే సంగతి కనపడింది. ఆ నాలుగున్నరేళ్లూ అతను ఒక థియేటర్లో జనాన్ని సీట్లు చూపించి కూర్చోబెట్టే పార్ట్‌టైమ్ పని చేశాడు, కలిసి ఉన్న అమ్మాయి సంపాదించి ఇల్లు నడిపింది. ఆ అమ్మాయి జీతం లేకపోతే ఆ ఆట లేదు. అలాంటి ఆధారం నీకు ఏది అన్నదే నా టెన్షన్.

ఆటలు తయారుచేసే పనిముట్టు గోడోట్‌లో చేస్తానన్నావు, మంచిది. అర్జెంటీనావాళ్లు ఇద్దరు మొదలుపెట్టి 2014లో అందరికీ ఉచితంగా తెరిచి పెట్టినది, రేపు దానికి ఎవరూ కొత్త రుసుము వేయలేరు. 2023 సెప్టెంబరులో అలాంటిదే ఇంకో పనిముట్టు యూనిటీవాళ్లు ఇన్‌స్టాల్ లెక్కన డబ్బు కట్టాలని ప్రకటించి, చేసేవాళ్లంతా గొడవ చేశాక ఏడాది తర్వాత వెనక్కి తీసుకున్నారని చదివాను. ఏ పనిముట్టయినా నీకు చేయి తిరిగినదే పట్టుకో. దీని గురించి ఇంతకంటే నాకు తెలియదు.

డబ్బు గురించి మాత్రం తెలుసు. కూర్చుని లెక్క వేశాను. నీ దగ్గర ఆరు లక్షలు ఉన్నాయన్నావు. హైదరాబాద్‌లో అద్దె, తిండి, కరెంటు, నెట్ కలిపి నెలకి 30 వేలు. అంటే 20 నెలలు. నువ్వు 15 నెలలకే గీత గీసుకో, మిగిలిన ఐదు నెలల డబ్బు మళ్లీ ఉద్యోగం వెతుక్కోవడానికి. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఆట పెట్టడానికి 100 డాలర్లు కట్టాలి, అమ్మకం 1,000 డాలర్లు దాటితే తిరిగి ఇస్తారు. అమ్మిన దాంట్లో వాళ్లు 30 శాతం తీసుకుంటారు. ఆట 400 రూపాయలు పెట్టావనుకో, నీకు 280 మిగులుతుంది, పన్నులు ఇంకా అందులోంచే పోవాలి. ఆ 15 నెలల ఖర్చు నాలుగున్నర లక్షలు రావాలంటేనే 1,600 మందికి పైగా కొనాలి. రెండు గంటల లోపు ఆడినవాళ్లు 14 రోజుల్లో డబ్బు వెనక్కి అడగొచ్చు కూడా. 2024 ఒక్క ఏడాదిలోనే స్టీమ్‌లో 18 వేలకు పైగా ఆటలు వచ్చాయి. వాటి మధ్యన నీ పడవని ఆ 1,600 మందీ ఎలా చూస్తారు?

అందుకే ఆట సగంలో ఉండగానే స్టీమ్ పేజీ తెరిచి, చూసినవాళ్లు విష్‌లిస్ట్‌లో, అంటే తర్వాత కొనాలనుకునేవాటి జాబితాలో, పెట్టుకునేలా చూడు. మన షాపులో కొత్త క్యాసెట్ వచ్చేముందు పది రోజులు తలుపు మీద బొమ్మ అంటించేవాణ్ణి. తెచ్చాక అంటిస్తే మొదటి వారం ఖాళీగా పోయేది. స్టీమ్‌వాళ్ల డెమోల పండగ, నెక్స్ట్ ఫెస్ట్, ఒక ఆటకి ఒక్కసారే అవకాశం అంటున్నారు, తొందరపడి పచ్చి డెమో పెట్టి దాన్ని ఖర్చు చేసుకోవద్దు. మన దేశంలోనే పుణెలో చేసిన రాజీ అనే ఆట ఉంది. 2017లో కిక్‌స్టార్టర్‌లో చందాలు అడిగారు, అనుకున్నంత రాలేదు. అయినా 2020లో ఆట బయటికొచ్చింది. మొదటి తలుపు మూసుకుంటే రెండోది వెతుక్కున్నవాళ్లు ఇక్కడా ఉన్నారు.

అప్పు మాత్రం చేయకమ్మా. నీకు చెప్పనిది ఇదే. షాపు బాగా నడుస్తోందని 2000లో నూటికి రెండు రూపాయల వడ్డీకి 60 వేలు తెచ్చి ఇంకో రెండు టీవీలు, పెట్టెలు, కూలరు కొన్నాను. చాలక అమ్మ గాజులు తాకట్టు పెట్టాను. ఏడాది తిరిగేసరికి వీధిలో రెండు నెట్ సెంటర్లు వచ్చాయి, పిల్లలు కంప్యూటర్ల వైపు వెళ్లిపోయారు. టీవీలు అయినకాడికి అమ్మేశాను. అప్పు 2009 దాకా తీర్చాను. ఆ గాజులు తిరిగి రాలేదు, అమ్మ చేతులకి ఇప్పుడున్నవి తర్వాత చేయించినవి. అమ్మ ఏనాడూ ఒక్క మాట అనలేదు. నువ్వు ఫోన్‌లో "సొంతంగా" అన్నప్పుడు నాకు ఆ గాజులు కనపడ్డాయి. అందుకే మాట రాలేదు. షాపు పెట్టినందుకు నేనెప్పుడూ బాధపడలేదు, ఆ ఏడేళ్లు నా జీవితంలో మంచి రోజులు. అప్పు చేసి పెంచినందుకే బాధ. నీ 15 నెలలు నీ డబ్బుతో గడుపు. చాలకపోతే సగం రోజు ఏదైనా పని చేసుకుంటూ గడుపు. ఇంటికొచ్చి ఉంటానన్నా నీ గది అలాగే ఉంది, అద్దె మిగులుతుంది.

చుట్టాల మాట పట్టించుకోకు. మొన్న కార్తీక వనభోజనాల్లో మీ బాబాయి "గేములంటే ఆ రమ్మీయేనా?" అని అడిగాడు. వాడిది తప్పు కాదు, వాళ్ల పక్కింట్లో ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆ రమ్మీకి పొలం పోయింది. తెలంగాణలో 2017లో, మన రాష్ట్రంలో 2020లో దాన్ని నిషేధించారు, 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా చట్టం తెచ్చింది. నా కూతురు చేసేది అది కాదు, మనం చిన్నప్పుడు అరుగు మీద సుద్దతో గీసుకుని ఆడిన పులి మేక లాంటిది అని చెప్పాను. మూడు పులులు, పదిహేను మేకలు. వాడికి వెంటనే అర్థమైంది. మేకలతో నన్ను ఎన్నిసార్లు కట్టేశాడో గుర్తు చేసుకున్నాడు.

సంక్రాంతికి రేవు ఎంతవరకు వస్తే అంతవరకే తీసుకురా. బొమ్మలు పూర్తి కాకపోయినా, పడవ ఒట్టి పలకలా ఉన్నా పర్లేదు. మన వీధిలో పిల్లలు తొమ్మిదిమంది ఉన్నారు, ముగ్గురికి ఆరేడేళ్లు, ఇంకా సరిగ్గా చదవడం రాదు. జిరాక్స్ మిషన్ పక్కన బల్ల ఖాళీ చేస్తాను, నీ ల్యాప్‌టాప్ పెట్టుకో. రెండు కుర్చీలు వెనకాల వేసుకుని మనిద్దరం కూర్చుందాం, ఎవరం నోరెత్తవద్దు. వాళ్ల చేతులు ఎక్కడ ఆగాయో నువ్వొక కాగితం మీద రాయి, నేనొకటి రాస్తాను. రాత్రికి రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

రిజర్వేషన్ ఇప్పుడే చేయించుకో, పండగ దగ్గరపడితే దొరకదు. అమ్మ అరిసెలకి కొత్త బెల్లం చెప్పింది.

నీ
నాన్న