బార్‌లు కొంటున్నారు సరే, తుడిచేదెవరు?

అయ్యా,

ప్రజల సొమ్ముతో నడిచే వ్యాయామశాలలకు, కళాశాలలకు వెయిట్‌లిఫ్టింగ్ సామగ్రి కొన్నప్పుడు బిల్లు ఉంటుంది, స్టాకు రిజిస్టరులో పద్దు ఉంటుంది, ప్రారంభోత్సవం ఫొటో కూడా ఉంటుంది. ప్లేట్లు ఎక్కించి ఎత్తే ఆ బార్‌ను ఎవరు తుడవాలి, ఎప్పుడు నూనె వేయాలి అన్నది మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. దాన్ని ఉత్త ఇనుపకడ్డీ అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతోంది. నిజానికి అదొక తిరిగే యంత్రం.

స్నాచ్‌లోనో (బార్‌ను ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) క్లీన్‌లోనో (భుజాల దాకా లేపడం) లిఫ్టర్ బార్ కిందికి దూరేటప్పుడు మణికట్టు ఒక్కసారిగా తిరుగుతుంది. చేతిలోని షాఫ్ట్ దాంతోపాటే తిరగాలి, కొసల్లోని ప్లేట్లు తిరగకూడదు. అందుకే ప్లేట్లు ఎక్కించే స్లీవ్‌లను షాఫ్ట్‌కు అతికించరు. లోపల కంచు బుష్ (షాఫ్ట్ చుట్టూ ఉండే చిన్న గొట్టం) గానీ సూది బేరింగులు గానీ పెట్టి, వాషర్లు వేసి, కొసన గాడిలో సర్‌క్లిప్ అనే స్ప్రింగు రింగుతో బిగిస్తారు. ఆ బుష్ పట్టేసిందంటే 450 మి.మీ. వ్యాసమున్న ప్లేట్లను కూడా లిఫ్టర్ మణికట్టే తిప్పాల్సి వస్తుంది. మోచేయి నొప్పి వస్తే పిల్లల టెక్నిక్‌ను తిడతారు గానీ స్లీవ్‌ను తిప్పి చూసేవాళ్లు తక్కువ.

చూడటానికి నిమిషం చాలు. ఖాళీ బార్‌ను ర్యాక్ మీద పెట్టి స్లీవ్‌ను చేత్తో తిప్పాలి. నున్నగా తిరిగి, దానంతటదే ఆగాలి. కిర్రుమన్నా, మధ్యలో పట్టినట్టు ఆగినా లోపల చాక్ (పట్టు జారకుండా చేతికి రాసుకునే తెల్ల పొడి), తుప్పు చేరినట్టే. (అదేపనిగా గిరగిరా తిరిగితే గొప్ప బార్ అనుకోవడం అమ్మేవాళ్లు నేర్పిన భ్రమ.) తర్వాత షాఫ్ట్‌ను తిప్పుతూ కొసల వైపు చూడాలి. కొసలు పైకీ కిందికీ ఊగితే షాఫ్ట్ వంగింది. వంగిన బార్ క్లీన్‌లో అరచేతుల్లోనే తిరగబడాలని చూస్తుంది, కాబట్టి దాన్ని ఆ పనికి వాడకూడదు. సుత్తితో కొట్టి సరిచేయించే ప్రయత్నం అసలే వద్దు. బార్ ఊరికే వంగదు. బరువుతో ఉన్నదాన్ని ర్యాక్ పిన్నుల మీదో బెంచీ మీదో పడేస్తే వంగుతుంది. రబ్బరు ప్లేట్లు లేకుండా ఇనుప ప్లేట్లతో పైనుంచి వదిలితే బుష్‌లూ దెబ్బతింటాయి. ఖాళీ బార్‌ను తలపై నుంచి వదిలేయడం ఇంకా చెడ్డ అలవాటు, ఆ దెబ్బంతా నేరుగా స్లీవ్ కొసలకే తగులుతుంది.

తుప్పుకు ఒక పెద్ద కారణం ఈ చాకే. మెగ్నీషియం కార్బోనేట్ పొడి చెమటను పీల్చి, ఆ ఉప్పుతడిని నర్లింగ్ (పట్టు కోసం షాఫ్ట్ మీద చెక్కిన గరుకు గీతలు) గాళ్లలో అలాగే నిలిపి ఉంచుతుంది. రోజూ సాధన అయ్యాక నైలాన్ బ్రష్‌తో పొడి రాల్చి, పొడిగుడ్డతో తుడవాలి. వారానికోసారి కుట్టు మిషన్‌కు వాడేలాంటి పలుచని నూనెను గుడ్డకు రాసి షాఫ్ట్ అంతా తుడిచి, మళ్లీ పొడిగుడ్డతో ఆ జిడ్డు తీసేయాలి. జింకు, క్రోమ్ పూత ఉన్నవాటిని ఇనుప తీగ బ్రష్‌తో రుద్దితే తుప్పుతోపాటు పూతా పోతుంది. ఆ తర్వాత తుప్పు ఇంకా వేగంగా వస్తుంది.

స్లీవ్‌కు నెలకోసారి, బార్‌ను నిలువుగా ఆనించి, షాఫ్ట్‌కూ స్లీవ్‌కూ మధ్య సందులో రెండు మూడు చుక్కలు వేసి తిప్పితే చాలు. ఎక్కువ పోస్తే కారి, పొడితో కలిసి బంకవుతుంది. తుప్పు వదిలించే స్ప్రేను కందెనగా వాడటం మరో పొరపాటు. అది ఉన్న గ్రీజును కూడా కడిగేస్తుంది. అయినా పట్టేస్తుంటే సర్‌క్లిప్ ప్లయర్‌తో విప్పాలి. రింగు ఎగిరి కంట్లో పడే ప్రమాదం ఉంది, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. వాషర్ల వరుసను విప్పే ముందే ఫొటో తీసుకోవాలి. కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరాక, నూనె పల్చగా రాసి బిగించాలి. రింగు గాడిలో చుట్టూతా కూర్చుందో లేదో తిప్పి చూడాలి. సరిగా కూర్చోకపోతే ప్లేట్లతో సహా స్లీవ్ ఊడి వస్తుంది.

ఇంకొక్క మాట, కొనుగోలు గురించి. ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ 2000లో సిడ్నీలో మొదలైనా, ఆర్డరు జాబితాల్లో ఇప్పటికీ 20 కిలోల, 28 మి.మీ. మందముండే పురుషుల బార్‌లే కనిపిస్తాయి. మహిళల బార్ 15 కిలోలు, 2.01 మీటర్లు, మందం 25 మి.మీ. స్లీవ్ రెండింటికీ 50 మి.మీ.యే కాబట్టి ప్లేట్లు వేరుగా కొనక్కర్లేదు. బొటనవేలిని మిగతా వేళ్ల కింద బిగించే హుక్ పట్టులో చిన్న చేతికి ఆ 3 మి.మీ. తేడా చాలా ఎక్కువ.

అధికారులను అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి బార్‌కూ ఒక నంబరు, ఆ నంబరు మీద తుడిచిన తేదీ, నూనె వేసిన తేదీ, తిప్పి చూసిన ఫలితం రాసే ఒక పేజీ ఉండాలి. ఆ పేజీ కింద సంతకం చేసే మనిషి ఎవరో ఉత్తర్వులో ఉండాలి. కొనే పత్రంలోనే బ్రష్‌లు, నూనె, సర్‌క్లిప్ ప్లయర్, అదే కొలతకు సరిపోయే అదనపు సర్‌క్లిప్‌లు, వాషర్లు చేర్చాలి. వాటిని తర్వాత వెతుక్కుందామంటే కొలత కుదిరేవి దొరకడం కష్టం.

– ఒక వెయిట్‌లిఫ్టింగ్ శిక్షకుడు