వేలం ఆపించండి, మంత్రిగారూ

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

సార్, మీరు తిరుపతి వచ్చినప్పుడు వేదిక మీద మాటిచ్చిన పాత యంత్రాల ల్యాబు గురించే మళ్లీ రాస్తున్నాను. అర్జీలు పెట్టాను. 'మీ సమస్య పరిష్కరించబడినది' అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారో, ఎలా పరిష్కరించారో అందులో లేదు. అందుకే పదిమందీ చదివేలా ఈ ఉత్తరం.

నేను ఇక్కడి ఒక విశ్వవిద్యాలయంలో ఆడియో విజువల్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైన వాణ్ణి. దాని పేరు రాసి, అక్కడ చదువుకునే పిల్లలకు లేనిపోని టెన్షన్ తేవడం ఇష్టం లేదు. మా గదిలోని స్పూల్ టేప్ రికార్డర్లు, యూమాటిక్ అనే పాత రకం వీడియో క్యాసెట్ ప్లేయర్లు, 16 ఎం.ఎం. ప్రొజెక్టర్ అన్నీ కండెమ్ చేసి సైకిల్ షెడ్డులో పడేశారు, ఇప్పుడు వేలానికి పెట్టారు. ఎందుకయ్యా అంటే, 'టేపుల డిజిటైజేషన్ నూటికి నూరు శాతం అయిపోయింది కదా, ఇంకా ఈ తుక్కెందుకు' అంటున్నారు.

ఆ నూరు శాతం ఎలా ఏడ్చిందో మీరొక్కసారి వినాలి సార్. మన చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర జరిగే భారతం మీకు తెలియంది కాదు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడు తపస్సుకు ఎక్కే తపసుమాను, దుర్యోధన వధ, చివర అగ్నిగుండం. ఒకప్పటి పరిశోధక విద్యార్థులు స్పూల్ రికార్డరు మోసుకుపోయి ఆ రాత్రుళ్లు రికార్డు చేసుకొచ్చారు. టేపు ఖరీదు కాబట్టి సెకనుకు 9.5 సెంటీమీటర్ల వేగంతో, రెండు వైపులా ఎక్కించారు. డిజిటైజ్ చేసిన కాంట్రాక్టరు మనుషులు దాన్ని 19 మీద తిప్పేశారు. దాంతో భీముడి గొంతు చిలక పలుకైంది, నాటకం సగం టైముకే అయిపోయింది. పోనీ, వేగమైతే కంప్యూటర్లో సరిచేసుకోవచ్చు. కానీ టేపు మీది శబ్దాన్ని చదివే భాగం, అంటే హెడ్డు కూడా తప్పే. నాలుగు ట్రాకుల (వైపుకు రెండేసి శబ్దపు చారల) టేపును రెండు ట్రాకుల హెడ్డు మీద ఆడిస్తే అవతలి వైపు శబ్దం వెనక నుంచి ముందుకు తిరగబడి ఇందులో కలుస్తుంది. ఇప్పుడు మన సర్వర్లో ద్రౌపది పద్యం ఎత్తుకోగానే దాని వెనక హరికథ తోక నుంచి తలకు నడుస్తుంటుంది. అలా కలిసిపోయిన దాన్ని శుభ్రంగా విడదీయడం అయ్యే పని కాదు. అసలు టేపునే మళ్లీ సరైన హెడ్డున్న యంత్రం మీద ఆడించాలి. ఆ యంత్రం ఎక్కడుందో పైన రాశాను.

టేపులు కూడా మన తీరిక దాకా ఆగవు. 2021 నవంబరు వానల తర్వాత టేపులున్న బీరువాలు తెరిస్తే బూజు వాసన. చెమ్మ పట్టిన పాత టేపుల్లో కొన్నిటికి పూతను పట్టి ఉంచే పదార్థం జిగురైపోతుంది. అలాగే ఆడిస్తే పూత ఊడి హెడ్డుకు అంటుకుంటుంది. సుమారు 50 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఆరబెట్టి, వెంటనే కాపీ చేసుకోవాలి. 2025 దాటితే టేపులు ఆడించే యంత్రాలు దొరకడమే కష్టమని యునెస్కో 2019లోనే హెచ్చరించింది. వీసీఆర్లు చేస్తూ మిగిలిన ఆఖరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016లోనే తయారీ ఆపేసింది. ఇప్పుడు ఒక రోలర్ కావాలన్నా ఇంకో పాత యంత్రాన్ని విప్పి తీయాల్సిందే. మనమేమో ఉన్న యంత్రాలను కిలోల లెక్కన అమ్మేస్తున్నాం. గొప్ప పొదుపే!

తిరుపతిలో ఈ సంగతి చెప్పాల్సి రావడమే విడ్డూరం. అన్నమయ్య రాగిరేకులు బయటపడ్డాక లిపి తెలిసినవాళ్లు చదువుకున్నారు. రేకు మీద రాగం పేరుంది, బాణీ లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారి వంటి పెద్దలు కొత్తగా స్వరపరచాల్సి వచ్చింది. మన టేపుల మీద బాణీ ఉంది, గొంతు కూడా ఉంది. వాటిని వినిపించే యంత్రాన్నే మీ వాళ్లు వేలంలో పెట్టారు.

ముసలాడి చాదస్తం అనుకుంటారేమో. నన్ను వెతుక్కుంటూ వచ్చింది కుర్రాళ్లే. నాటకం చదివే ఒకమ్మాయి టేపు ముక్క రెండు కొసలు అతికించి, ఆపకుండా తిప్పుతూ తన ప్రదర్శనకు శబ్దం తయారు చేసుకుంటానంది. షెడ్డుకు తాళం, తాళంచెవి ఇంకెవరి దగ్గరో. అమెరికాలో బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2009 నుంచి ఇలాంటి ల్యాబు నడుస్తోంది. అక్కడ పాత యంత్రాలను అద్దాల వెనక పెట్టరు, స్విచ్చేసి వాడుకోనిస్తారు. మాకు అంత హంగు వద్దు సార్. చెమ్మ తగలని గది ఒకటి, రిపేరు నేర్చుకునే కుర్రవాడొకడు చాలు. నేర్పడానికి నేనున్నాను, జీతం అక్కర్లేదు.

ల్యాబు సంగతి తర్వాత చూద్దాం. శంకుస్థాపనకు మీరే రండి, శాలువా మేమే కప్పుతాం. ముందు వేలం ఆపించండి. కాంట్రాక్టరుకు మిగతా బిల్లు ఇచ్చేముందు మీ అధికారులను ఒక్క ఫైలైనా మొదటి నుంచి చివరి దాకా వినమనండి. షెడ్డు తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. వేలం మాత్రం ఆపించండి సార్, మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆడియో టెక్నీషియన్,
తిరుపతి