మధ్యాహ్నం రెండింటికి కుక్కరు కూత

చి॥ సౌ॥ వసంతను నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మెట్లెక్కేటప్పుడు తప్ప అమ్మ మోకాలు పెద్దగా బాధపెట్టడం లేదు. రాజమండ్రి బాబాయి వియ్యంకుల అబ్బాయి బోస్టన్ వస్తూ ఈ ఉత్తరాన్ని తన పెట్టెలో పెట్టుకొని తెస్తున్నాడు. ఫోనుండగా ఉత్తరమెందుకని నీకు అనిపించవచ్చు. మనం ఫోనులో మాట్లాడుకొని ఇరవై మూడు రోజులైంది. మధ్యలో నువ్వు పంపిన బొటనవేలి బొమ్మలను నేను లెక్కలోకి తీసుకోలేదు.

ప్రత్యేకించి విషయమేమీ లేదు. ఈమధ్య రాత్రిళ్ళు నిద్ర పట్టక, అమెరికా టీవీలో రాత్రిపూట హాస్య కార్యక్రమాలు నడిపిన నీ కోనన్ ఓబ్రయన్ పాత వీడియోలు ఒక్కొక్కటే చూస్తున్నాను. ఇంజనీరింగు మూడో ఏట నువ్వు హాల్లో కంప్యూటరు ముందు చెవులకు అవేవో తగిలించుకొని అర్ధరాత్రి ఒంటరిగా నవ్వుతుంటే, ఆ ఎర్రజుట్టు మనిషిలో ఏముందని నిన్ను కేకలేసినవాణ్ణి నేనే. ఇప్పుడు నా నవ్వుకు మెలకువ వచ్చి మీ అమ్మ నన్ను కేకలేస్తోంది. ఆయన గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది, అంతే.

మేము అక్కడికి వచ్చినప్పుడు నువ్వు మమ్మల్ని ట్రాలీలో బ్రూక్‌లైన్‌కు తీసుకువెళ్ళి, కూలిడ్జ్ కార్నర్ దగ్గర దించి, ఆయన పుట్టిన ఊరు ఇదేనని చూపించావు. చలికి చెవులు ఊడిపోతాయేమోనన్న ధ్యాసలో నేను సరిగా వినలేదు. 1963 ఏప్రిల్ 18న పుట్టాడట, ఆరుగురు పిల్లల్లో మూడోవాడట. తండ్రి థామస్ ఓబ్రయన్ హార్వర్డు వైద్య కళాశాలలో ఆచార్యుడు, మందులకు లొంగని సూక్ష్మజీవుల మీద జీవితమంతా పనిచేసిన మనిషి. తల్లి రూత్ న్యాయవాది, ఆడవాళ్ళను పెద్ద సంస్థలలోకి అంత సులువుగా రానివ్వని రోజుల్లోనే బోస్టన్‌లోని ఒక పెద్ద న్యాయవాద సంస్థలో భాగస్వామి అయిన ఆవిడ. అలాంటి ఇంట్లో పుట్టి, హైస్కూల్లో మొదటివాడిగా నిలిచి, హార్వర్డులో చరిత్ర, సాహిత్యం చదివిన పిల్లవాడు అక్కడి విద్యార్థుల హాస్యపత్రికకు రెండుసార్లు అధ్యక్షుడయ్యాడు. 1985లో పట్టా చేతికి రాగానే హాస్యం రాసుకొని బతుకుతానని లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయాడు. మన ఇళ్ళలో అయితే ఏమయ్యేదో నీకు వేరే చెప్పనక్కరలేదు. నువ్వు బి.ఎ. చదువుతానన్నప్పుడు నేను అన్న మాటలు నాకు గుర్తున్నాయి.

ఆ తల్లిదండ్రులిద్దరూ 2024 డిసెంబరులో మూడు రోజుల తేడాతో కన్నుమూశారు. ఆయనకు తొంభై అయిదేళ్ళు, ఆవిడకు తొంభై రెండు. అది చదివిన రాత్రి నేను వీడియో ఆపేసి, అమ్మ గదిలో ఫ్యాను తిరుగుతోందో లేదో చూసి వచ్చాను.

అన్నట్టు, పోయిన నెల మంగళవారంనాడు నువ్వు ఫోను చేసినప్పుడు ఇక్కడ రాత్రి పదకొండున్నర, అంటే నీకు మధ్యాహ్నం రెండు. నీ వెనకాల కుక్కరు మూడు కూతలు కూసింది. పని దినాన ఆ వేళకు ఇంట్లో ఉన్నావేమిటని అడిగితే, ఇంటి నుంచే పని అన్నావు. సరే, అయి ఉండవచ్చు. మీ కంపెనీలో చాలామందిని పంపించేశారని కామేశ్వరి కొడుకు ఎవరి దగ్గరో విని చెప్పాడు. వాడి మాటల్లో సగం గాలి పోగేసినవేనని నాకూ తెలుసు. అల్లుడుగారిని అడగడం మర్యాద కాదని ఊరుకున్నాను. ఈ సంగతి ఇక్కడితో వదిలేస్తాను.

కోనన్ సంగతికి వస్తాను. శనివారం రాత్రి వచ్చే ఒక హాస్య కార్యక్రమానికీ, ఆ తరువాత సింప్సన్స్ బొమ్మల ధారావాహికకూ రచయితగా పనిచేస్తూ, తెర మీద ముఖమే ఎవరూ ఎరగని ముప్పై ఏళ్ళ మనిషిని తెచ్చి, 1993 సెప్టెంబరు 13న ఎన్బీసీ టీవీ వాళ్ళు డేవిడ్ లెటర్‌మన్ ఖాళీ చేసిన లేట్ నైట్ కార్యక్రమం కుర్చీలో కూర్చోబెట్టారు. లెటర్‌మన్ అంటే ఆ కార్యక్రమాన్ని పదకొండేళ్ళు నడిపి, ఆ వేళకు ఒక రూపమే తెచ్చిన ఉద్దండుడు. కొత్తవాణ్ణి పత్రికలు చీల్చి చెండాడాయి. ఆ మొదటి రోజుల వీడియోలలో చూడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఆరడుగుల నాలుగంగుళాల మనిషి కొంగలా అటూ ఇటూ ఊగుతుంటాడు. యాజమాన్యం ఏడాదికి ఒప్పందం రాయకుండా, పదమూడు వారాలకొకసారి పొడిగిస్తూ వచ్చింది. పదమూడు వారాలంటే మూడు నెలలు. మీ కంపెనీల వాళ్ళు కూడా మూడు నెలలకొకసారి లెక్కలు చూసుకొని మనుషులను ఉంచాలో పంపాలో తేల్చుకుంటారని పేపర్లో చదివాను. ఆయన మాత్రం ఆ కుర్చీలో పదిహేనేళ్ళకు పైగా కూర్చున్నాడు. 2007లో రచయితల సమ్మె వచ్చి కార్యక్రమం ఆగినప్పుడు, రచయితలు కాని తన సిబ్బందికి జీతాలు సొంత డబ్బుతో ఇచ్చాడట. నాకు ఆయన హాస్యం కన్నా ఇదే ఎక్కువ నచ్చింది.

ఇక 2010 జనవరి గొడవ. నువ్వు రెండు రోజులు అన్నం సరిగా తినకుండా నాతో వాదించింది దీని గురించే. అప్పుడు నాకు అర్థం కాలేదు కాని, ముప్పై ఏళ్ళు రేడియోలో ఏది ఎప్పుడు వేయాలో చెప్పే క్యూషీట్లు రాసినవాణ్ణి, వివరంగా చూస్తే ఇప్పుడు అర్థమైంది. లేట్ నైట్ కన్నా ముందు వేళలో వచ్చే, 1954 నుంచి నడుస్తున్న టునైట్ షోను అయిదేళ్ళ తరువాత నీకిస్తామని 2004లోనే ఎన్బీసీ ఆయనకు మాట ఇచ్చింది. ఆయన న్యూయార్కులో కాపురం ఎత్తేసి, సిబ్బందితో సహా లాస్ ఏంజెలెస్ చేరి, 2009 జూన్ 1న ఆ కుర్చీలో కూర్చున్నాడు. పాత ఆసామి జే లెనోను వదులుకోలేక, ఆయనకు సెప్టెంబరు నుంచి రాత్రి పది గంటల వేళ వేరే కార్యక్రమం ఇచ్చారు. తప్పు అక్కడ జరిగింది. ఒక కార్యక్రమం ముగిసేసరికి స్టేషను పెట్టుకొని ఉన్నవాళ్ళే తరువాతి కార్యక్రమానికి పెట్టుబడి. పదింటి కార్యక్రమం చూసేవాళ్ళు తగ్గితే, పదకొండింటి స్థానిక వార్తలు చూసేవాళ్ళూ తగ్గుతారు, ఆ వెనక పదకొండూ ముప్పై అయిదుకు వచ్చే టునైట్ షో కూడా నీరసిస్తుంది. ఊరూరి స్టేషన్ల వాళ్ళు లబోదిబోమన్నారు. అప్పుడు యాజమాన్యం లెనోను పదకొండూ ముప్పై అయిదుకు తెచ్చి, కోనన్‌ను ఒక్క అరగంట వెనక్కి, అర్ధరాత్రి దాటిన అయిదు నిమిషాలకు జరుపుతామంది.

ఒక్క అరగంటకే ఇంత రాద్ధాంతమా అని ఆనాడు నేను నిన్ను ఎగతాళి చేశాను. వేళ మార్చడమంటే ఏమిటో బాగా తెలిసినవాణ్ణే, అయినా అన్నాను.

నీకు ఎన్నడూ చెప్పనిది ఒకటి చెబుతాను. 1991 చలికాలంలో, నీకు రెండేళ్ళప్పుడు, మా స్టేషనుకు కొత్త అధికారి ఒకరు వచ్చారు. అప్పటికి తొమ్మిదేళ్ళుగా రాత్రి చివరి ప్రసారం నా గొంతుతోనే ముగిసేది. ఒక సోమవారం వెళ్ళేసరికి డ్యూటీ చార్టులో నా పేరున్న చోట వేరే పేరు ఉంది. నన్ను టేపుల లైబ్రరీకి మార్చారు. కారణం చెప్పలేదు, నేను అడగలేదు. పౌరుషానికి పోయి నలభై రోజులు సెలవు పెట్టాను. సెలవు పెట్టినట్టు ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. రోజూ సాయంత్రం అయిదింటికి ఎప్పటిలాగే క్యారియరు పట్టుకొని బయలుదేరి, రైల్వేస్టేషనుకు వెళ్ళి, ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొనుక్కొని, ఒకటో నంబరు చివర కుళాయి పక్కనున్న బెంచి మీద రాత్రి పదకొండున్నర దాకా కూర్చొని, డ్యూటీ ముగిసినవాడిలా ఇంటికి వచ్చేవాణ్ణి. అక్కడే పెరుగన్నం తిని, అక్కడే చేయి కడుక్కునేవాణ్ణి. టిక్కెట్టు కలెక్టరు మూడో రోజు నుంచి నన్ను చూసి తల ఊపేవాడు. ఏ బండి కోసమని మాత్రం అడగలేదు. ఇంటికి వచ్చాక అమ్మకు ఆ రాత్రి ఏ పాటలు వేశానో కూడా చెప్పేవాణ్ణి. అబద్ధం ఆడితే అంత వివరంగా ఆడాలని నా సిద్ధాంతం.

మూడు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం నేను చెప్పులు వేసుకుంటుంటే అమ్మ తన మెరూన్ శాలువా మడతపెట్టి నా సంచిలో పెట్టింది. ఎందుకన్నాను. ప్లాట్‌ఫారం చివర గాలి విసురుగా ఉంటుంది కదండీ అంది. అంతకు మించి ఒక్క మాట లేదు, వంటింట్లోకి వెళ్ళిపోయింది. తరువాత తెలిసింది. పెళ్ళయిన నాటి నుంచి రోజూ నా చివరి ప్రకటన విన్నాకే ఆవిడ రేడియో కట్టేది. మొదటి రాత్రే వేరే గొంతు విన్నది. చొక్కా జేబుల్లో ప్లాట్‌ఫారం టిక్కెట్లు ఉతికే ముందు రోజూ తీసి, పోపుల డబ్బా వెనక దాచింది. పదిహేడు ఉన్నాయి, నేను లెక్కపెట్టాను. ఆ తరువాత టేపుల లైబ్రరీలో చేరాను, ఏడాదిన్నరకు మళ్ళీ మైకు ముందుకు వచ్చాను, ఆ భాగంలో చెప్పుకోవలసింది లేదు.

కోనన్ నాలాగా బెంచి వెతుక్కోలేదు. జనవరి 12న, భూగోళవాసులారా అని సంబోధిస్తూ ఒక ప్రకటన రాసి, అర్ధరాత్రి దాటాక వచ్చేది టునైట్ షో కాదని, తన వెనక వచ్చే జిమ్మీ ఫాలన్ కార్యక్రమాన్ని కూడా ఇంకా వెనక్కి నెట్టడం న్యాయం కాదని చెప్పి ఒప్పుకోలేదు. జనవరి 22న ఆఖరి రోజు. ఎనిమిది నెలలైనా నిండలేదు. ఆ రాత్రి ప్రేక్షకులతో, నిరాశావాదం పెట్టుకోవద్దని, జీవితంలో ఎవరికీ అనుకున్నది అనుకున్నట్టుగా దొరకదని, కష్టపడుతూ మంచిగా ఉంటే అద్భుతాలు జరుగుతాయని అన్నాడు. నేను ఆ భాగాన్ని మూడుసార్లు చూశాను. గొంతు బొంగురుపోతుంది కాని ఆగదు. సిబ్బంది వాటాతో కలిపి నాలుగున్నర కోట్ల డాలర్లు ముట్టాయని రాశారు, అంత డబ్బు ముట్టినవాడికి ఏడుపెందుకని ఆనాడు నేను అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

ఒప్పందం ప్రకారం సెప్టెంబరు దాకా టీవీలో కనిపించకూడదు. ఆ నెలల్లో గడ్డం పెంచుకొని, ఏప్రిల్‌లో ఆరెగన్ రాష్ట్రంలోని యూజీన్ ఊరితో మొదలుపెట్టి ఊరూరా తిరిగి రంగస్థలం మీద ప్రదర్శనలిచ్చాడు. నవంబరు 8న టీబీఎస్ అనే కేబుల్ ఛానెల్‌లో మళ్ళీ మొదలుపెట్టి 2021 జూన్ దాకా నడిపాడు. మధ్యలో 2018లో, తనకొక స్నేహితుడు కావాలంటూ పాడ్‌కాస్టు ప్రారంభించాడు. దాన్ని నేను వింటాను, రేడియోకు దగ్గరగా ఉంటుంది. 2025 మార్చిలో ఆస్కార్ వేదిక మీద నిలబడి, ఇండియా వాళ్ళు పొద్దున్నే చూస్తుంటారని హిందీలో నమస్కారం చెప్పి, నాస్తా చేస్తూ చూడమన్నాడు. అప్పటికి మా ఉప్మా ఇంకా పొయ్యి మీదే ఉంది. నీ ఎర్రజుట్టువాడు పలకరిస్తున్నాడు రమ్మని అమ్మను పిలిచాను, ఆవిడ వచ్చేసరికి అయిపోయింది.

నీకు ఉపన్యాసం ఇవ్వకూడదని ముందే అనుకున్నాను. అయినా ఒక్క మాట. మీ వీసా లెక్కలు నాకు పూర్తిగా తెలియవు. ఉద్యోగం పోతే అరవై రోజుల లోపల వేరేది చూసుకోవాలంటారు. అలాంటిదేమైనా ఉంటే ఆ రోజులు ఒక్కదానివే లెక్కపెట్టుకోవద్దు. లాయరుకు డబ్బు కావాలంటే మన ఫిక్సెడ్ డిపాజిట్లు ఉన్నాయి, వాటి కాలపరిమితి గురించి నువ్వు ఆలోచించనక్కరలేదు. వెనక్కి వచ్చేస్తానన్నా నీ గది అలాగే ఉంది, బీరువాలో నా పాత టేపులు మాత్రం తీయాలి. ఏమీ లేకపోతే మరీ మంచిది, ముసలివాడి చాదస్తమని నవ్వుకో. మీ ఇంట్లో హీటరు సరిగా పనిచేస్తోందా? థైరాయిడ్ మాత్ర పరగడుపునే వేసుకుంటున్నావా? కుక్కరు గాస్కెట్టు వదులైందేమో చూడు, ఆ మూడో కూత సాగదీసినట్టుగా వినిపించింది.

రాత్రి పదకొండున్నరకు నేను మేలుకొనే ఉంటాను. అది నీకు మధ్యాహ్నం రెండు, మొహమాటపడకుండా చెయ్యి.

అబ్బాయి పెట్టెలో కందిపొడి, ఆవకాయ, కరివేపాకు పొడి పంపుతున్నాం. ఆవకాయ సీసాకు రెండు కవర్లు చుట్టాను, నిలువుగానే ఉంచమని చెప్పాను. అమ్మ ఈ ఉత్తరం చదవలేదు, ఏం రాస్తున్నానని అడగనూ లేదు. అన్నీ సర్దాక పైన ఒక మెరూన్ శాలువా పెట్టింది. తూకం మించిపోతుందని తీయబోతే ఊరుకోలేదు, పచ్చడి తగ్గించమంది.

ఆశీస్సులతో,
నాన్న