ఇకనుంచి రిపేరుకి ముందూ తర్వాతా మీ ఎదుటే టెస్టు

మా కస్టమర్లందరికీ నమస్కారం. విజయనగరం గంటస్తంభం దగ్గరున్న మా మొబైల్ రిపేరు షాపులో ఈ నెల నుంచి పద్ధతి మారుస్తున్నాం. ఏ ఫోన్ వచ్చినా విప్పే ముందు ఒకసారి, బిగించాక ఒకసారి మీ ఎదుటే టెస్టు పెడతాం. ఏం కనబడిందో చీటీ మీద రాసి ఇద్దరం సంతకాలు పెట్టుకుంటాం.

ఎందుకంటే, "డిస్‌ప్లే మార్చమని ఇస్తే మైకు పోగొట్టారు" అన్న మాట ఈ పనిలో ఉన్నవాళ్లందరూ పడేదే. ఆ మైకు ఫోన్ కిందపడ్డప్పుడే పోయుండొచ్చు. విప్పి బిగించినప్పుడు రిబ్బన్ (లోపలి భాగాల్ని కలిపే పల్చటి పట్టీ తీగ) సరిగ్గా కూర్చోకపోయీ ఉండొచ్చు. ముందే చూసుకోకపోతే ఏది నిజమో తేల్చే దారి లేదు. సంతలో ఎద్దుని కొనేవాడు పళ్లు చూసి, నాలుగడుగులు నడిపించి మరీ డబ్బు తీస్తాడు. వేలకి వేలు పోసి కొన్న ఫోన్‌కి ఆమాత్రం పరీక్ష ఉండాలి కదా.

ఈ టెస్టు మేం తయారుచేసింది కాదు. ఫ్యాక్టరీలో ప్రతి భాగాన్నీ పరీక్షించే ప్రోగ్రాంలు ఉంటాయి. చాలా కంపెనీలు వాటిలో కొంత భాగాన్ని ఫోన్‌లోనే ఉంచేస్తాయి. శాంసంగ్‌లో డయలర్ తెరిచి *#0*# కొట్టండి, చాలా మోడళ్లలో గళ్లగళ్ల మెనూ వస్తుంది. షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో *#*#6484#*#* కొట్టాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం తెరలు ఒక్కొక్కటీ నిండుగా పెట్టి చూస్తే గీతలూ చచ్చిన చుక్కలూ బయటపడతాయి. టచ్ టెస్టులో తెరంతా వేలితో నింపుకుంటూ పోవాలి. ఎక్కడ నిండకపోతే అక్కడ టచ్ పోయినట్టే. స్పీకర్, వైబ్రేషన్, ముందు కెమెరా, వెనక కెమెరా అన్నీ ఇలాగే చూడొచ్చు.

నేను ఎక్కువసేపు చూసేది ప్రాక్సిమిటీ సెన్సార్. ఫోన్ చెవి దగ్గర పెట్టగానే తెర ఆరిపోయేది దీనివల్లే. నాసిరకం డిస్‌ప్లే వేసినా, సెన్సార్ మీద గమ్ము పడినా ఇది దెబ్బతింటుంది. అప్పుడు మాట్లాడుతుండగా చెంప తగిలి మ్యూట్ అవుతుంది, కాల్ కట్ అవుతుంది. పాపం చాలామంది సిగ్నల్ లేదనుకుని సిమ్ మార్చేస్తారు. తెర కింద వేలిముద్ర ఉండే ఫోన్లలో ఇంకో సంగతి ఉంది. కొన్ని మోడళ్లకి డిస్‌ప్లే మార్చాక ఆ సెన్సార్‌ని మళ్లీ సరిచెయ్యాలి. అది కంపెనీ పరికరాలతోనే అయ్యే మోడలైతే ముందే చెప్పేస్తాం, మార్చుకోవాలో వద్దో మీరే నిర్ణయించుకోండి.

ఐఫోన్‌కి ఇలాంటి కోడ్ మెనూ లేదు. అయితే ఐఓఎస్ 15.2 నుంచి సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్‌లోకి వెళ్తే బ్యాటరీ, డిస్‌ప్లే లాంటివి మార్చారో లేదో, అసలువో కావో మోడల్‌ని బట్టి చూపిస్తుంది. అదీ చీటీలో రాస్తాం.

టెస్టు పాసైతే ఫోన్‌లో ఏ లోపమూ లేనట్టు కాదు. వేడెక్కినప్పుడే వదిలేసే సోల్డరు (భాగాల్ని బోర్డుకి అతికించే లోహం), ఉప్పునీళ్లు దిగి లోపల మెల్లగా తినేస్తున్న బోర్డు ఇందులో కనబడవు. భోగాపురం, చింతపల్లి సముద్రతీరం వైపు నుంచి వచ్చే ఫోన్లలో ఇది ఎక్కువ. అసలు ఆన్ కాని ఫోన్‌కి ముందు టెస్టు పెట్టలేం. "ముందు టెస్టు కాలేదు" అని చీటీ మీద రాసి ఇస్తాం.

ఇక రెండో విషయం. ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్‌లో ఫోన్‌లో మిగిలేది చిన్న ముక్క. అసలు సరుకు సర్వీస్ సెంటర్ కంప్యూటర్లలో ఉంటుంది. క్వాల్‌కామ్ చిప్ ఫోన్లని అత్యవసర మోడ్‌లో (మామూలుగా ఆన్ కాకపోయినా సాఫ్ట్‌వేర్ ఎక్కించే పద్ధతి) తెరవాలంటే ఫోన్ కంపెనీ డిజిటల్ సంతకం చేసిన ఫైలు కావాలి. అలాంటి ఫైళ్లూ టూళ్లూ బయటికి పొక్కి, క్రాక్ చేసినవి టెలిగ్రామ్‌లో తిరుగుతున్నాయి. మా షాపులో అవి వాడం. వాటిని షాపు కంప్యూటర్‌లో ఎక్కించాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటాయి. మీ ఫోన్‌పేలూ, ఆధార్ కాపీలూ, పిల్లల ఫోటోలూ ఉన్న ఫోన్లు తగిలించే కంప్యూటర్ అది. పైగా ఫోన్ మెమరీలో ఒక్క విభాగం పొరపాటున చెరిగిపోతే సెన్సార్లకి సరిచేసి పెట్టిన కొలతలైనా, ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబరైనా పోవచ్చు. వాటిని తిరిగి తేవడం మహా కష్టం.

ఇలాంటి టూళ్లతో తీసే గూగుల్ లాక్ (ఫోన్ రీసెట్ చేశాక పాత గూగుల్ ఖాతా అడిగే తాళం) తియ్యమని వచ్చేవాళ్లని కొన్న బిల్లు అడుగుతున్నాను. ఫోన్ కొట్టేసినవాడికి పనికిరాకుండా చెయ్యాలనే 2015లో ఆండ్రాయిడ్ 5.1తో ఆ లాక్ వచ్చింది. బిల్లుంటే అధికారిక సర్వీస్ సెంటర్‌కి దారి చూపిస్తాను. ఐఎంఈఐ మార్చమంటే మాత్రం ఎవరడిగినా చెయ్యను. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్న నేరమది. ఈ గిరాకీ వేరే షాపులకి పోతోందని తెలుసు. పోనివ్వండి.

వాట్సాప్‌లో వచ్చే "రహస్య కోడ్‌లు" మాత్రం కొట్టకండి. టెస్టు కోడ్‌ల మధ్యలో *401* తో మొదలయ్యేది కలిపి పంపేవాళ్లున్నారు. దాని వెనక నంబరు చేర్చి కొడితే మీ కాల్స్ ఆ నంబరుకి మళ్లుతాయి. ఈ మోసాల వల్లే 2024 ఏప్రిల్ 15 నుంచి ఆ సౌకర్యం ఆపమని టెలికాం శాఖ ఆదేశించింది. అయినా కోడ్ తెలిసినవాళ్లని అడిగే కొట్టండి.

టెస్టుకి డబ్బులు తీసుకోం. మీ పిన్ మాకు చెప్పక్కర్లేదు, మీరే తెరిచి ఇవ్వండి. కాస్త టైము పడుతుంది కాబట్టి సిరిమాను పండగ వారంలో పొద్దున్నే వస్తే మేలు. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటున్నవాళ్లు డబ్బు ఇవ్వకముందే అమ్మేవాళ్లతో కలిసి రండి. *#06# కొట్టి ఐఎంఈఐ చూసి, టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో అది బ్లాకయిందో లేదో మీ ముందే చూసి చెప్తాం.